స్టూలుకి కూడా చీటీ

మీ పనిగది (ప్రస్తుతం నా ఆధీనంలో)
జూన్ 6

బావగారికి,

నమస్కారం. మీరు శిక్షణ కేంద్రానికి క్షేమంగా చేరారనీ, పాతికమందికి తోలుపని నేర్పడం మొదలుపెట్టారనీ అక్క చెప్పింది. పాపం, ఆ పాతికమంది ఏ పాపం చేసుకున్నారో. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా ఈ మాట అంటారేమో. నా చెవుల సంగతి మీకు తెలియంది కాదు. మిషను పెట్టుకుంటే మీ గొంతు కంటే ముందు ఫ్యాను చప్పుడు వినబడుతుంది. అందుకే దాన్ని సొరుగులో పడుకోబెట్టాను. ఉత్తరమే హాయి. ఇందులో మీరు మధ్యలో అడ్డు తగలలేరు.

మీరు వచ్చేదాకా అక్కకు తోడుగా ఉందామని వచ్చాను కదా. వచ్చిన రోజే మీ పనిగది చూద్దామని వెళ్ళి మీ స్టూలు మీద కూర్చున్నాను. నాకంటే ముందు అక్కడ ఒక ఆరె కూర్చుని ఉంది. తోలుకి బెజ్జం పెట్టడానికి చేసిన పనిముట్టు, దానికి తోలుకీ మనిషికీ తేడా ఏం తెలుస్తుంది? డాక్టరు ఇంకో సూది కూడా పొడిచాడు. రెండు పోట్లూ ఒకే వైపు. ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను.

నిలబడ్డాను కాబట్టి గది మొత్తం కనబడింది. బావగారూ, ముప్పై ఒక్క ఏళ్ళు గిడ్డంగిలో స్టోర్ కీపరుగా చేశాను. పదకొండు వేల రకాల సరుకు నా చేతి కింద ఉండేది. కళ్ళు మూసుకుని ఏది అడిగినా తీసిచ్చేవాణ్ణి. అలాంటి నేను మీ గదిలో కత్తెర కోసం అరగంట వెతికాను. అది తలుపు వెనక మేకుకి ఉరేసుకుని ఉంది. కుట్టు గుర్తులు పెట్టే పళ్ళ ఉలులు ఐదు ఉంటే ఐదూ ఐదు చోట్ల, అన్నదమ్ములు ఆస్తి పంచుకుని విడిపోయినట్టు. సానరాయి నేల మీద, బల్ల మూలన, మనిషి కాలికి తగలడానికే పెట్టినట్టు. ఇక పిడులు! ఒక ఆరెకి ఒక వరస దారం, ఇంకోదానికి రెండు వరసలు, మూడోదానికి మూడు. దాని మీద మైనం, చెమట, జిగురు కలిసి నల్లటి ముద్ద. పనిముట్లకి కట్లు కట్టి ఆసుపత్రి పెట్టారనుకున్నాను.

ఇలా ఉంటే కుదరదు. గదిని నేను సర్దుతున్నాను. ప్రతి వస్తువుకీ ఒక చోటు, ప్రతి చోటుకీ ఒక చీటీ. చీటీల మీద అక్షరాలు బొటనవేలంత లావు ఉంటే సరిపోతుందా? తలుపు దగ్గర నుంచే కనబడేలా. మాట వరసకి అడుగుతున్నాను, ఇంకేం లేదు.

ఇట్లు,
మీ బావమరిది


శిక్షణ కేంద్రం హాస్టలు, కొళాయి కారే గది
జూన్ 12

చీటీల దొరకి,

నా గదిలో నీ చెయ్యి పడితే ఆ చేతికి నేనే ఒక చీటీ అంటిస్తాను.

ఆరె స్టూలు మీద లేదు. స్టూలుకి కుడివైపు నేను కుట్టిన తోలు జేబు ఉంది. ఆరెలు మూడూ అందులో ఉంటాయి. నువ్వు స్టూలుని వెనక్కి తిప్పి, జేబుని నలిపి, దాని మీద కూలబడ్డావు. తప్పు ఆరెదా? అది దాని పని అది చేసింది. ఆ ఇంట్లో ఆ మాత్రం పని చేసేవాళ్ళు మీ అక్క తర్వాత అదొక్కటే.

పళ్ళ ఉలులు ఐదు చోట్ల ఉన్నాయంటే వాటి పని ఐదు సమయాల్లో వస్తుంది కనుక. ఒకే జాతి అని పక్కపక్కన నిలబెట్టడానికి అదేం గ్రూప్ ఫోటో కాదు. సానరాయి కాలికి తగలడానికే పెట్టాను. కత్తెర మేకుకి ఉందంటే నా భుజం ఎత్తున ఉంది. నీకు అర్థం కానిదంతా చెత్త కాదు. అలా అయితే నువ్వు పుట్టినప్పటి నుంచి ప్రపంచమంతా చెత్తే.

కళ్ళు మూసుకుని తీసిచ్చేవాడివైతే నీకు చీటీలు ఎందుకురా?

అక్షరాలు బొటనవేలంత కాదు, బొటనవేలి గోరంత కూడా వద్దు. చీటీలే వద్దు. గది తలుపు వేసి, తాళం మీ అక్కకిచ్చి, వరండాలో కూర్చుని పేపరు చదువుకో.

ఇక్కడ మంచి కలాలు దొరకవు. అట్టపెట్టెల మీద రాసే లావు మార్కరుతో రాస్తున్నాను. చూసి నవ్వకు.

బావ


మీ పనిగది (ఇప్పుడు గది అనదగ్గది)
జూన్ 18

బావగారికి,

మీ ఉత్తరం పదిహేడున అందింది. పని పదహారు సాయంత్రానికే పూర్తయింది. ఇందులో నా తప్పేమీ లేదు, పోస్టువాడితో మాట్లాడుకోండి.

ఇప్పుడు మీ గది ఎలా ఉందో వినండి. గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి చెక్క పలక బిగించాను. పనిముట్లన్నీ దాని మేకులకి వేలాడుతున్నాయి, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు. ప్రతిదాని వెనక గోడ మీద దాని ఆకారమే నల్లరంగుతో గీశాను. ఏదైనా తీస్తే దాని నీడ గోడ మీద నిలబడి ‘నన్నెక్కడ పెట్టావు’ అని అడుగుతుంది. కత్తులు ఒక కుటుంబం, ఉలులు ఒక కుటుంబం, సుత్తులు ఒక కుటుంబం. నూట నలభై ఏడు వస్తువులు, నూట నలభై ఏడు చీటీలు. బల్లకి ‘బల్ల’ అని, కిటికీకి ‘కిటికీ’ అని, స్టూలుకి కూడా ‘స్టూలు’ అని అంటించాను. దాన్ని గోడ పక్కకి జరిపాను కూడా. ఎవరూ ఇక తెలియక దాని మీద కూర్చునే ప్రమాదం లేదు.

అన్నింటికంటే పెద్ద పని పిడులది. నాలుగు రోజులు పట్టింది. దారాలు, పేలికలు, తోలు చుట్లు అన్నీ కోసి తీసేశాను. కొయ్య సుత్తి పిడికి ఏదో గుంట పడి ఉంటే దాన్ని కూడా గరుకు కాగితంతో రుద్ది సాపు చేశాను. అందరికీ రెండు పూతలు వార్నిష్. ఇప్పుడు అన్నీ బడికెళ్ళే పిల్లల్లా ఒకే యూనిఫారంలో మెరుస్తున్నాయి. తీసేసిన చెత్తని కూడా చెత్తబుట్టలో వేయలేదు. గిడ్డంగి రూలు గిడ్డంగి రూలే.

మీ మార్కరు గురించి ఒక మాట. పేజీకి ఏడు లైన్లు, ఒక్కో లైను కొండెక్కుతోంది. చివరి లైను కాగితం దాటి టేబులు మీద పూర్తి చేశారనుకుంటాను. గోడల మీద రాసే ఉద్యోగం ఏమైనా దొరికిందా?

మీ బావమరిది


హాస్టలు
జూన్ 25

మూడు ఆరెల పిడుల మీద దారాలు తీసేశావా?

మూడింటికీనా?

సుత్తి పిడి గుంట పూర్తిగా పోయిందా, చేత్తో తడిమితే ఏమైనా తగులుతోందా?

తడిమి రాయి.

బావ


మీ పనిగది
జూలై 2

బావగారికి,

మూడింటికీ తీసేశాను. సుత్తి పిడి తడిమాను. ఏమీ తగలడం లేదు. గాజులా ఉంది.

మీ ఉత్తరంలో నాకు ఒక్క తిట్టు కూడా దొరకలేదు. కవరు లోపల కూడా చూశాను, ఇంకో కాగితం ఉందేమోనని. మా ఇంటికి అల్లుడుగా వచ్చిన నాటి నుంచీ మీరు నన్ను తిట్టకుండా నాలుగు మాటలు మాట్లాడటం ఇదే మొదటిసారి. నాకు నిజంగా భయం వేసింది.

అక్కకి చూపించాను. ఆవిడ చదివి, పొయ్యి ఆపి, పనిగదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు గోడ మీది పలకని చూసింది. ‘ఇంత చక్కగా సర్దావు, ఎక్కడో తేడా చేశాం రా’ అంది. ఆవిడ ‘చేశాం’ అన్నది నేను గమనించాను. మీరూ గమనించండి.

ఆ దారాల్లో ఏముంది? మీ నాన్నగారు కట్టినవా? అలా అయితే ఒక్క మాట రాయండి, నేను కాళ్ళు పట్టుకోవడానికి రైలెక్కుతాను. కాదూ, ఒట్టి మొండితనమే అయితే అదీ రాయండి, నేను హాయిగా నవ్వుకుంటాను. ఏదో ఒకటి రాయండి. తిడుతూ రాయండి.

మీ బావమరిది


హాస్టలు, కొళాయి ఇంకా కారుతోంది
జూలై 9

బావమరిదికి,

నీ ఉత్తరం నేను చదవలేదు. హాస్టలు వార్డెన్ గారు చదివి వినిపించారు. ఆయన ఏది చదివినా హాజరు పిలిచినట్టే ఉంటుంది. నీ వెటకారమంతా ఆయన గొంతులో పడి చచ్చింది. ‘తిడుతూ రాయండి’ అన్నది చదివి, ‘ఎవరండీ ఈయన, పాపం’ అన్నారు. ఆ మాటకే నాకు నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం కింద ఉంది.

చెప్పేస్తాను. నా చూపు పోతోంది.

మొత్తం కాదు, నడిమధ్య. ఎదురుగా దేన్ని చూస్తే అది మాయమవుతుంది, దాని చుట్టూ ఉన్నవన్నీ ఉంటాయి. సూది వైపు చూస్తే సూది ఉండదు, సూది వెనక గోడ మీద బల్లి ఉంటుంది. నీ మొహం చూడాలంటే నేను నీ చెవి వైపు చూడాలి. ఆ చెవి ఒకరికి ఉపయోగపడటం అదే మొదటిసారి అవుతుంది. ఇక్కడి కంటి డాక్టరు పోయింది తిరిగి రాదన్నాడు. మిగిలింది నిలబెట్టడానికి నెలకో ఇంజెక్షను, కంట్లోనే. నిలబడుతుందా అంటే చూద్దాం అన్నాడు. ఆయనకేం, చూస్తాడు.

ఏడాదిన్నరగా ఇదే తంతు. మరి ఏడాదిన్నరగా బ్యాగులూ బెల్టులూ ఎలా కుట్టానంటావా? ఆ గదిలో నేను కళ్ళు వాడలేదురా. చెయ్యి కుడివైపు కిందకి జారిస్తే స్టూలు జేబు. ఒక వరస దారం తగిలితే సన్న ఆరె, రెండు తగిలితే నడి రకం, మూడైతే లావుది. సానరాయి కాలికి తగిలితే బల్ల మూల వచ్చిందని లెక్క, ఇక తిరగాలి. సుత్తి పిడి గుంటలో బొటనవేలు కూర్చుంటే సుత్తి మొహం తిన్నగా ఉందని లెక్క. ఆ గుంట ఎవరూ చెక్కలేదు. నా వేలే ఇన్నేళ్ళూ చెక్కింది. నువ్వు నాలుగు రోజులు కష్టపడి రుద్దింది దాన్నే.

ఇక్కడి బల్ల నాకు కొత్త. మొదటి వారం నడుం బెల్టు కోయడం చూపిస్తూ గీత తప్పాను. బెల్టు పాములా వచ్చింది. ఒకావిడ అది కొత్త డిజైను అనుకుని తనూ అలాగే కోసింది. అప్పుడు కూడా నేను పెద్దగా బెంగపడలేదు. నాలుగు నెలలు ఓపిక పడితే నా గదికి పోతాను, అక్కడ నేను మామూలు మనిషిని అనుకున్నాను. నాకు చూపు మిగిలిన చోటు అదొక్కటే. ఇప్పుడు అదీ కొత్త చోటే. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకునే ఓపిక నాకు లేదు.

కాబట్టి పనిముట్లన్నీ పెట్టెల్లో సర్ది ఈ కేంద్రానికి పంపించు. సర్దడం నీకు ఇష్టమే కదా. ఇక్కడ స్టోరు తాళాలు పట్టుకుని కూర్చోవడానికి మనిషి కావాలట. ఉంటానని పెద్దసారుకి చెప్పాను. అంటే నీ ఉద్యోగమే. ఎంతకి దిగజారానో చూడు.

మీ అక్కకి మాత్రం చెప్పకు. తనతో రోజూ ఫోన్లో అంతా బాగుందనే చెబుతున్నాను.

బావ


మీ పనిగది
జూలై 15

బావగారికి,

ముందు అక్క సంగతి. చెప్పొద్దన్నారు, చెప్పలేదు. చెప్పే పని లేకపోయింది. ఎందుకంటే మార్చిలో ఆవిడే నాకు చెప్పింది.

కాఫీ గ్లాసు ఇస్తుంటే మీరు ఆవిడ మోచేతి వైపు చూస్తూ అందుకుంటున్నారట. పేపరు తెరిచి అరగంట పట్టుకుని పేజీ తిప్పడం మర్చిపోతున్నారట. మీరు చెప్పేదాకా అడగకూడదని నోరు కుట్టుకుని కూర్చుందట. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మీరిద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచిన విషయం ఒక్కటి, అది కూడా ఇద్దరిదీ ఒకటే. ఇలాంటి పొదుపు నేనెక్కడా చూడలేదు.

నన్ను పిలిపించింది తోడుకి కాదు. ‘ఆయన లోపల వెతుక్కుంటున్నారు రా. చేతులు గాల్లో తిరుగుతున్నాయి. నువ్వు గిడ్డంగి సర్దినట్టు ఆ గది సర్దిపెట్టు, అక్షరాలు తలుపు దగ్గర నుంచే కనబడాలి’ అంది. ఆవిడ వెతుకులాట అనుకున్నది మీ పని. మీ చేతులు తిరుగుతున్నాయి అనుకుంది, అవి చదువుకుంటున్నాయని మాకు తట్టలేదు. ఒకరు కళ్ళున్నవాళ్ళు, ఒకరు గిడ్డంగి ఏలినవాళ్ళు. ఇద్దరం కలిసి మీ కళ్ళకి సాయం చేద్దామని మీ చేతులు నరికేశాం. నన్ను క్షమించండి, బావగారూ. ఈ మాట వెటకారంగా కాదు, మామూలుగానే రాస్తున్నాను. వార్డెన్ గారూ, ఇక్కడ కొంచెం మెల్లగా చదవండి.

ఇక రెండో సంగతి. పనిముట్లు పంపను. సరుకు గది దాటాలంటే కాగితం మీద ఇద్దరి సంతకాలు కావాలి. అక్క పెట్టనంటోంది. నేను పెట్టను. మీరు పెట్టినా చెల్లదు, లైను కొండెక్కుతోంది.

మూడో సంగతి. మీరు నన్ను ఇన్నేళ్ళు దేనికి తిట్టారో దానికే ఇప్పుడు నన్ను నెత్తిన పెట్టుకోవాలి. నేను దేన్నీ పారేయను. గిడ్డంగిలో పనికిరాని సరుకుని పారేయాలంటే మూడేళ్ళు ఆగాలి. అందుకని మీ పిడుల మీంచి తీసిన ప్రతి దారం, ప్రతి పేలిక విడివిడి కవర్లలో ఉంది. కవరు మీద వస్తువు అంకె, తీసిన తేదీ, ఎన్ని వరసలు ఉండేదీ రాసి ఉంది. సుత్తి పిడి రుద్దగా వచ్చిన పొట్టు కూడా ఒక కవర్లో ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియదు, కానీ ఉంది. ఏ వస్తువు ముందు ఎక్కడ దొరికిందో దానికీ పుస్తకం ఉంది. సరుకు కదిలించే ముందు పాత చోటు రాయకపోతే నాకు అన్నం అరగదు.

అయితే ఆ పుస్తకంలో ‘బల్ల మీద, కుడివైపు’ అని ఉంది కానీ ఎంత దూరంలో అన్నది లేదు. మీ చెయ్యి ఎంత సాగుతుందో రాసే గడి నా పుస్తకంలో లేదు. అది మేం కనిపెట్టి, గదిని మళ్ళీ పాతలాగే పెడతాం.

మీ బావమరిది


హాస్టలు
జూలై 24

పొట్టు దాచుకున్నవాడికి,

ఈ ఉత్తరం వార్డెన్ గారు రెండుసార్లు చదివారు. రెండోసారి నేను అడగలేదు. ‘మెల్లగా చదవండి’ అన్న చోట ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. నా కళ్ళజోడు తుడిచినా ఏం లాభం లేదు కాబట్టి నేను ఊరుకున్నాను.

మీ అక్క నిన్న ఫోన్ చేసింది. అరగంట మాట్లాడుకున్నాం, మొత్తం వాన గురించే. పెట్టేసే ముందు ‘ఇంజెక్షను బాగా నొప్పా?’ అంది. ‘ఫరవాలేదు’ అన్నాను. వాన గురించి చెప్పుకోవాల్సింది ఇంకేమీ మిగల్లేదు మరి.

నువ్వు పాత గదిని తిరిగి కడతానంటున్నావు. కట్టు. ఇంటికి రంగు వేసి, మళ్ళీ పాత మరకలు తెచ్చి అదే చోట అంటిస్తానన్నట్టు ఉంది నీ వాలకం. నేను అక్టోబరు మొదటి వారంలో వస్తాను. వచ్చి స్టూలు మీద కూర్చుంటాను. చెయ్యి చాపుతాను. చాపిన చోట కావలసింది ఉంటే ఉంటాను. లేదూ, ఒక్కసారి గాల్లో తడుముకున్నానంటే పెట్టెలు నేనే సర్దుకుని ఇక్కడికి వచ్చేస్తాను. పెద్దసారు నా కోసం తాళాల గుత్తి పక్కన పెట్టి ఉంచాడు. మంచి బరువైన గుత్తి. నీకైతే కన్నీళ్ళు వచ్చేవి.

దారాలు పిడి చివర నుంచి రెండు వేళ్ళ వెడల్పు వదిలి చుట్టాలి. నువ్వు మొదలు నుంచి చుడతావని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. వార్నిష్ గీకెయ్యి. చెమట పట్టిన చేతిలో అది చేపలా జారుతుంది.

బావ


పనిగది, కింద నేల మీద కూర్చుని
సెప్టెంబరు 26

బావగారికి,

అయిపోయింది. బతికే ఉన్నాం.

పుస్తకం ప్రకారం అన్నీ పాత చోట్ల పెట్టాను. పలక పీకేశాను. గోడ మీది నీడల మీద సున్నం వేశాను. నాకు ఎంత కడుపు మండిందో మీకు చెప్పినా అర్థం కాదు. చీటీలు చింపేశాను, నూట నలభై ఆరు. దారాలు రెండు వేళ్ళు వదిలే చుట్టాను. మొదట మొదలు నుంచే చుట్టాను, తర్వాత మీ ఉత్తరం మళ్ళీ చదివి విప్పాను. ఈ వాక్యం మీరు మర్చిపోవాలి.

అసలు పని అక్కది. ఆవిడ కళ్ళకి తువ్వాలు కట్టుకుని మీ స్టూలు మీద కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళు గోడ అవతల వంట చేసింది కదా, మీ పని మొత్తం ఆవిడకి చెవుల్లో ఉందట. కత్తి పెట్టిన చప్పుడుకీ డబ్బా మూత చప్పుడుకీ మధ్య మీరు ఒక ఊపిరి తీసుకుంటారట, కాబట్టి డబ్బా అంత దూరంలో ఉండాలట. సుత్తి పెడితే కిటికీ అద్దం సన్నగా మోగేదట, కాబట్టి అది కిటికీ గట్టు మీదే, అద్దానికి ఆనుకుని. నేను సుత్తి పెట్టడం, ఆవిడ ‘కాదు’ అనడం. ఇంకొంచెం జరపడం, ‘కాదు’. అద్దం మోగుతోందో లేదో నాకెలా తెలుస్తుంది? అప్పుడు సొరుగులోంచి మిషను తీసి చెవిలో పెట్టుకున్నాను, బావగారూ. మీ కోసం. ఫ్యాను ఆపించి మరీ విన్నాను. మోగింది. ఆ చప్పుడు వినడానికి నేను ఇన్నేళ్ళు ఈ ఇంటికి వచ్చిపోతున్నానా అనిపించింది.

ఇలా రెండు నెలలు. పళ్ళ ఉలుల దగ్గర మా ఇద్దరికీ మాటలు లేవు, మూడు రోజులు. మూడో ఉలి చోటు నా పుస్తకంలో ఒకలా, ఆవిడ చెవిలో ఇంకోలా. చివరికి ఆవిడ మాటే నెగ్గింది. మొన్న ఆవిడ తువ్వాలు కట్టుకుని చెయ్యి కిందకి జారిస్తే సన్న ఆరె వేలికి గుచ్చుకుంది. ‘అబ్బ’ అని అరిచి, వెంటనే ‘సరైన చోటే ఉంది రా’ అని సంబరపడింది.

సుత్తి పిడి గుంట మాత్రం మా వల్ల కాలేదు. పొట్టు కవరు బల్ల మీద పెట్టి వెళ్తున్నాను.

అవును, వెళ్తున్నాను. మీరు వచ్చేసరికి నేను మా ఇంట్లో ఉంటాను. మీరు చెయ్యి చాపే ఆ క్షణంలో ఎదురుగా ఉండే ధైర్యం నాకు లేదు. ఎలా జరిగినా రాయండి. ఈసారి ఉత్తరం పోస్టు చేసేది అక్క, చదువుతుంది కూడా, కొంచెం మర్యాదగా తిట్టండి.

మీ బావమరిది


నా పనిగది
అక్టోబరు 11

బావమరిదికి,

బండి దిగి, కాళ్ళు కడుక్కుని, మీ అక్క ఏదో అంటున్నా వినిపించుకోకుండా తిన్నగా ఇక్కడికి వచ్చాను. కాలికి సానరాయి తగిలింది. నొప్పి పుట్టింది. ఇంటికి వచ్చానని అప్పుడు తెలిసింది. తిరిగాను, కూర్చున్నాను. మీ అక్క గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడింది, అది నాకు వినబడింది.

కుడి చెయ్యి కిందకి జార్చాను. ఒక వరస. రెండు. మూడు. కత్తి దగ్గర కత్తి ఉంది. ఊపిరి తీసుకుని చెయ్యి చాపాను, డబ్బా ఉంది. సుత్తి తీసి మళ్ళీ గట్టు మీద పెట్టాను, అద్దం మోగింది. మూడో ఉలి మాత్రం అంగుళం పక్కన ఉంది. అక్కడ నీ పుస్తకమే కరెక్టు. మీ అక్కకి నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు. చాలా కాలం తర్వాత దాచుకోవడానికి మాకు ఒక మంచి విషయం దొరికింది. (ఈ ఉత్తరం నేనే పోస్టు చేస్తాను, తన చేతికి ఇవ్వను.)

పెద్దసారుకి తాళాల గుత్తి వేరే ఎవరికైనా ఇచ్చుకోమని కబురు పెట్టాను.

సుత్తి పిడికి గుంట నేనే కొత్తగా చెక్కుకున్నాను. ఇంకా పదును ఉంది, వేలికి గీసుకుంటోంది. ఒక పదేళ్ళు వాడితే నునుపవుతుంది. పొట్టు కవరు దాచాను. నవ్వకు.

దీంతో పాటు ఒక చిన్న తోలు సంచి వస్తోంది. నీ చెవి మిషనుకి. మెడలో వేసుకో, సొరుగులో పడుకోబెట్టకు. కుట్లు లెక్కపెట్టుకో, అంగుళానికి ఎనిమిది, ఒక్కటి వంకర పోయింది. అది కళ్ళ వల్ల కాదు. ఆ సమయంలో మీ అక్క గుమ్మంలోంచి కాఫీ కావాలా అని అడిగింది.

ఇక నీ లెక్క సంగతి. నూట నలభై ఏడు అంటించి నూట నలభై ఆరు చింపావు. ముప్పై ఒక్క ఏళ్ళ స్టోర్ కీపరువి, ఇలాగేనా లెక్క అప్పజెప్పేది? ఆ మిగిలింది స్టూలుది. మర్చిపోయావో, కావాలని వదిలావో నేను అడగను, నువ్వు చెప్పకు. వచ్చిన రోజే పీకుదామని వేలు పెట్టాను. తర్వాత ఆగాను. రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి, మొహం కొంచెం పక్కకి తిప్పి, కిటికీ వైపు చూస్తూ దాన్ని చదువుతాను. అక్షరాలు బొటనవేలంత లావు. చదవగలిగితే లోపలికి వెళ్ళి కూర్చుంటాను. చదవలేని రోజు వస్తే అప్పుడు కూడా లోపలికే వెళ్ళి కూర్చుంటాను, దానికి ఏర్పాటు మీరిద్దరూ చేసి పెట్టారు కదా. కానీ తెలుసుకోవాలని ఉంటుంది.

ఇవాళ పొద్దున చదివాను. ‘స్టూలు’ అని ఉంది.

నీ బావ